ఎం-బుక్‌లో ఆకుపచ్చ సంతకం: పదవీ విరమణ తర్వాతి ఉద్యోగంపై ఒక కేస్ స్టడీ

నేను తిరుపతిలో సర్వీసు, పెన్షన్ వ్యవహారాలు చూసే న్యాయవాదిని. ప్రభుత్వ ఉద్యోగం నుంచి ప్రైవేటు కొలువుకు వెళ్లేవారి సమస్యలు ఏడాదికి నాలుగైదు నా దగ్గరికి వస్తాయి. వాటిలో చాలామటుకు ఒక ఉత్తరంతో, ఒక అనుమతితో తీరిపోయేవే. ఈ కేసు అలా తీరలేదు. కక్షిదారు ఒప్పుకున్నాకే దీన్ని రాస్తున్నాను. శాఖ పేరు, పని జరిగిన చోటు, మొత్తాలు ఇక్కడ కనిపించవు. మనుషుల్ని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. ఏ దశలో ఏ నిర్ణయం తీసుకున్నామో, ఎందుకు తీసుకున్నామో మాత్రం జరిగింది జరిగినట్టే రాశాను. వాటిలో నేను తప్పుగా ఆలోచించినవి కూడా ఉన్నాయి.

నేపథ్యం

కక్షిదారు ఒక ఇంజనీరింగ్ శాఖలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు హోదాలో 62 ఏళ్లు నిండి పదవీ విరమణ చేశారు. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం విరమణ వయసును 60 నుంచి 62కు పెంచకపోయి ఉంటే ఈ కేసు పుట్టేదే కాదు. ఇందులో ముడిపడిన ఫైళ్లన్నీ ఆ చివరి రెండేళ్లలోనే ఆయన బల్ల మీదికి వచ్చాయి. ఆ ఏడాదే ఏప్రిల్ 4న ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లా వేరుపడటంతో ఆఫీసులూ రికార్డులూ కొన్ని అటూ ఇటూ కదిలాయి. ఈ సంగతి చిన్నదే అయినా తర్వాత మమ్మల్ని నెల రోజులు తిప్పించింది.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ, అనే హోదాకు ఉన్న బరువు ఆ శాఖల బయట ఉన్నవారికి అంతగా తెలియదు. జరిగిన పని కొలతల్ని ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో రాస్తారు, డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) వాటిని సరిచూసే చెక్ మెజర్‌మెంట్ చేస్తారు, ఆపైన ఈఈ మరోసారి సూపర్ చెక్ చేసి సంతకం పెడతారు. ఆ సంతకం పడనిదే బిల్లు కదలదు. కాంట్రాక్టరుకు గడువు పొడిగించాలన్నా, ధరల పెరుగుదల కింద అదనం ఇవ్వాలన్నా, ఆలస్యానికి జరిమానా వేయాలన్నా మొదటి సిఫారసు ఈఈదే. తుది ఉత్తర్వు పైవారిది కావచ్చు. పైవారు చదివేది మాత్రం ఈఈ రాసిన నోటునే.

ఆయన డివిజన్‌లో పనులు చేసిన సంస్థల్లో మధ్యస్థాయి కాంట్రాక్టు సంస్థ ఒకటి ఉంది. దాని పనుల్లో ఒకటి 2021 నవంబరులో తిరుపతినీ చుట్టుపక్కల ఊళ్లనూ ముంచెత్తిన వానలకు ఆగిపోయి, భూమి అప్పగింతలోనూ ఆలస్యం జరిగి, ఏళ్ల తరబడి సాగింది. గడువు పొడిగింపు ఫైలు ఆయన విరమణకు ముందు చివరి మూడు నెలల్లో కదిలింది. ధరల పెరుగుదల వివాదం మాత్రం అప్పటికే దావాగా కోర్టుకెక్కింది.

విరమణ చేసిన రెండో నెలలోనే ఆయన ఆ సంస్థ ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టారు. మూడో నెల నుంచి నెలనెలా కొంత సొమ్ము ఖాతాలో పడింది. నియామక పత్రం లేదు. ప్రభుత్వ అనుమతి కోసం అర్జీ కూడా పెట్టలేదు.

వచ్చిన సమస్య

ఏడో నెలలో ప్రభుత్వానికి ఒక ఆకాశరామన్న అర్జీ వెళ్లింది. దానికి ఒక ఫొటో జతచేశారు: కాంట్రాక్టరు ఆఫీసులో, గోడ మీది వేంకటేశ్వరస్వామి క్యాలెండరు కింద, డ్రాయింగులు పరిచిన బల్ల ముందు కక్షిదారు కూర్చుని ఉన్నారు. కొద్ది రోజులకు ఆయనకు మెమో అందింది. అందులో మూడు ప్రశ్నలున్నాయి. ఉద్యోగంలో చేరే ముందు అనుమతి తీసుకున్నారా? అక్కడ మీరు చేస్తున్న పని ఏమిటి? ఆ సంస్థతో ఉద్యోగం గురించిన సంప్రదింపులు ఎప్పుడు మొదలయ్యాయి?

మెమో పట్టుకుని ఆయన నా ఆఫీసుకు వచ్చినప్పుడు మొదట అన్న మాట నాకు గుర్తుంది. “లాయరు గారూ, ఇది ఉద్యోగం కాదండీ. జీతమూ కాదు, హానరేరియం. ఖాళీగా ఇంట్లో కూర్చోలేక వెళ్లాను.”

ఆ మాటలో అబద్ధం లేదని ఇప్పటికీ నమ్ముతాను. అయితే ఆయన అనుకున్నదానికీ నిబంధన అనుకున్నదానికీ మధ్య చాలా దూరం ఉంది.

ఆంధ్రప్రదేశ్ సవరించిన పెన్షన్ నిబంధనలు, 1980లోని 10వ నిబంధన ప్రకారం గెజిటెడ్ హోదాలో విరమణ చేసినవారు రెండేళ్లు నిండకముందు వాణిజ్య ఉద్యోగంలో చేరాలంటే ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి. అది లేకుండా చేరితే, సంజాయిషీ విని, పెన్షన్‌ను పూర్తిగానో కొంతమేరకో కొంతకాలం ఆపే అధికారం ప్రభుత్వానికి ఉంది. కేంద్ర ఉద్యోగులకూ అఖిల భారత సర్వీసుల వారికీ ఇలాంటి నియమమే ఉంది. వారికి ఈ విరామం ఒకప్పుడు రెండేళ్లు, తర్వాత ఏడాదికి తగ్గింది. మన రాజ్యాంగం కొన్ని పదవుల విషయంలో ఇంతకంటే కఠినంగా ఉంది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పదవి చేసినవారు ఆ తర్వాత కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ ఏ ప్రభుత్వ పదవీ చేపట్టకూడదని 148వ అధికరణం చెబుతోంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా చేసినవారు దేశంలో ఏ కోర్టులోనూ వాదించకూడదని 124వ అధికరణం చెబుతోంది. డివిజన్ స్థాయి ఇంజనీరుకు అంత కట్టుబాటు పెట్టలేం, పెట్టకూడదు కూడా. ముప్పై ఏళ్ల అనుభవాన్ని విరమణ రోజునే అటకెక్కించమనడం సమాజానికీ నష్టమే. అందుకే నిబంధన నిషేధించలేదు, అడిగి వెళ్లమంది. ఆయన అడగలేదు.

మొదటి ప్రయత్నం: అది ఉద్యోగం కాదనే వాదన

వృత్తిరీత్యా నా మొదటి ఆలోచన కక్షిదారు మాటకు దగ్గరగానే సాగింది. నియామక పత్రం లేదు, హాజరు పట్టీ లేదు, పీఎఫ్ లేదు. కాబట్టి యజమాని, ఉద్యోగి అనే సంబంధమే లేదని రాయవచ్చు కదా అనుకున్నాను. రెండు రోజులు ఆ ముసాయిదా మీదే కూర్చున్నాను. ఆ తర్వాత నిబంధనలోని నిర్వచనాన్ని మళ్లీ నిదానంగా చదివితే ఆ దారి మూసుకుపోయింది. వాణిజ్య ఉద్యోగం అంటే జీతానికి చేరడం ఒక్కటే కాదు. ఏజెంటుగా ఉండటం, డైరెక్టరు కావడం, భాగస్వామి కావడం అందులోకే వస్తాయి. సొంతంగా సలహాదారుగా పనిచేసినా, ఆ సలహా ఆయన పాత అధికారిక జ్ఞానానికి చెందినదైతేనో, పాత హోదా వల్ల సలహా తీసుకునేవారికి అన్యాయమైన మేలు దొరికేదైతేనో, ప్రభుత్వ ఆఫీసులతో సంప్రదింపులు నడిపే పనైతేనో, అదీ వాణిజ్య ఉద్యోగమే. ఈ నిర్వచనం రాసినవారికి “హానరేరియం” అనే మాట ఏనాడో తెలుసు.

నిర్వచనం ఒక్కటే అయితే ఇంకొంచెం పెనుగులాడేవాణ్నేమో. ఆయన పేరు మీద కోసిన పన్నులన్నీ చూపే ఆదాయపు పన్ను ఫారం 26ఏఎస్ ప్రింటు తీయించాను. అందులో సంస్థ పేరు, నెలలు, మొత్తాలు, 194జె కింద కోసిన టీడీఎస్ వరసగా ఉన్నాయి. అంటే కాంట్రాక్టరు లెక్కల్లో ఈయన వృత్తిపరమైన సేవల ఫీజు తీసుకున్న మనిషి. ప్రభుత్వ రికార్డులోనే నమోదైన సంబంధాన్ని ప్రభుత్వానికే లేదని రాయడం మూర్ఖత్వం. ఆ ముసాయిదాను చించేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఆ కాగితం చూసేవరకు తాను చేస్తున్నది మొహమాటపు సాయమే అన్న నమ్మకం ఆయనకు నిజంగానే ఉండింది.

రెండో ప్రయత్నం: సగం చెప్పిన అర్జీ

తర్వాతి మార్గం, జరిగింది ఒప్పుకుని, ఇప్పటికైనా అనుమతి ఇమ్మని కోరడం. నిబంధన ముందస్తు అనుమతి అంటోంది. అయినా అడగడంలో తప్పు లేదు, కనీసం దాచే ఉద్దేశం లేదని తెలుస్తుందన్నది నా లెక్క. చిక్కు అర్జీలోని ఒక పేరా దగ్గర వచ్చింది. గత కొన్నేళ్ల సర్వీసులో ఆ సంస్థతో మీకున్న అధికారిక వ్యవహారాలేమిటన్నది అందులో రాయాలి. కేంద్ర నిబంధనల్లో ఇలాంటి అర్జీని తూచే కొలబద్దలు స్పష్టంగానే ఉన్నాయి. చివరి మూడేళ్లలో ఆ సంస్థ ప్రయోజనాలకు నేరుగా సంబంధించిన సున్నితమైన సమాచారం అధికారి చేతికి వచ్చిందా, చేసిన పదవికీ చేరబోయే సంస్థ ప్రయోజనాలకూ వైరుధ్యం ఉందా, ఇస్తామంటున్న జీతం ఆ పరిశ్రమలో నడుస్తున్న రేట్లను బాగా మించి ఉందా అన్నవి వాటిలో ముఖ్యం. రాష్ట్ర అర్జీకి కూడా వాటినే అద్దంగా పెట్టుకుని రాద్దామన్నాను.

ఆయన రాసుకొచ్చిన వాక్యం ఇది: “సదరు సంస్థతో ఒప్పందం చేసుకున్న అధికారి నేను కాను.”

“అగ్రిమెంటు నాది కాదండీ, ఎస్ఈ గారిది. ఇందులో అబద్ధం ఏముంది?” అన్నారు.

నిజమే, అక్షరం అక్షరం నిజం. ఆ పని విలువను బట్టి ఒప్పందంపై సంతకం చేసింది ఈఈకి పైఅధికారైన సూపరింటెండింగ్ ఇంజనీరు, ఎస్ఈ. నాకు మాత్రం ఆ వాక్యం మింగుడుపడలేదు. రికార్డు చూడకుండా దాన్ని పంపనని చెప్పాను. ఎం-బుక్ నకళ్ల కోసం సమాచార హక్కు దరఖాస్తు పెడితే, జిల్లా విడిపోయినప్పుడు కట్టలు ఏ ఆఫీసుకు చేరాయో తేలడానికే నెల పట్టింది. మెమోకు జవాబిచ్చే గడువు పొడిగించమని మధ్యలో ఒక ఉత్తరం పంపాం. చివరికి నకళ్లు వచ్చాయి. నలుపు తెలుపు జిరాక్స్ కాబట్టి రంగు తెలియలేదు. ఆయనే ఒక పేజీ మీద వేలు పెట్టి, “ఇది నా ఆకుపచ్చ ఇంకు” అన్నారు. ఏఈఈ రాసిన కొలతల కింద డీఈఈ సంతకం, దాని కింద ఆయన పొట్టి సంతకం, తేదీ. అలాంటి పేజీలు ముప్పై దాకా ఉన్నాయి. ఒప్పందంపై ఆయన సంతకం లేదు, నిజమే. కానీ ఆ ఒప్పందం కింద కాంట్రాక్టరుకు అందిన ప్రతి బిల్లూ ఆయన సంతకం మీదుగానే వెళ్లింది.

అప్పటికి నాకు స్పష్టమైన సంగతి ఏమిటంటే, ఇలాంటి కేసుల్లో “మీకు ఆ సంస్థతో సంబంధం ఉందా” అని అడగడం దండగ. ఏ అధికారీ ఉందనడు, అది దురుద్దేశంతోనే అనడానికీ లేదు. అడగాల్సింది “ఏయే కాగితాల మీద మీ సంతకం ఉంది” అని. సంబంధం గురించి మనిషికి మరుపు వస్తుంది, సంతకానికి రాదు.

అనుమతి కోరుతూ పూర్తి వివరాలతో అర్జీ పంపాం. దానికి విడిగా జవాబు రాలేదు. మెమోతో కలిపి చూస్తామని మాత్రం మౌఖికంగా తెలిసింది. మా మూడో ఆలోచన అప్పుడు పుట్టింది.

మూడో ప్రయత్నం: కంచె

సంస్థ యజమానిని పిలిపించి మాట్లాడాను. మనిషి మర్యాదస్థుడు, ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. పాత డివిజన్ పనుల జోలికి కక్షిదారు పోకూడదని, వేరే జిల్లాల్లోని పనుల డిజైన్లు, నాణ్యత మాత్రమే చూడాలని, ఏ ప్రభుత్వ ఆఫీసుకూ సంస్థ తరఫున వెళ్లకూడదని ఒక రాతకోత సిద్ధం చేశాను. పెద్ద కంపెనీల్లో ఇలాంటి కంచెలు పనిచేయడం విన్నాను. ఆ కాగితాన్ని ప్రభుత్వానికి చూపితే అనుమతి రావచ్చని గట్టిగానే నమ్మాను.

ఆ నమ్మకం ఒక మధ్యాహ్నం పోయింది. నకళ్ల విషయమై ఆయనా నేనూ కలిసి పాత ఆఫీసుకు వెళ్లాం. మేం గుమ్మంలో అడుగుపెట్టగానే ఒక యువ ఏఈఈ లేచి నిలబడ్డాడు, తన కుర్చీ ఇటు జరిపాడు. అటెండరు అడక్కుండానే టీ తెచ్చాడు. నకళ్లకు ఫీజు కట్టిన రసీదు నేను తీసేలోపే సీనియర్ అసిస్టెంట్ బీరువా దగ్గరికి వెళ్లి, “సార్, ఏ ఫైలు కావాలో చెప్పండి” అన్నాడు. కక్షిదారు ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇబ్బందిగా నవ్వి కూర్చున్నారు, అంతే. ఆ గదిలో ఎవరూ తప్పు చేయలేదు. ముప్పై ఏళ్లు “సార్” అన్న నోరు ఒక్క ఉత్తర్వుతో ఆ మాట మానదు.

నేను రాసిన కంచె ఆయన కాళ్లకు కట్టింది గానీ ఎదుటివాళ్ల మర్యాదకు కట్టలేదు. రేపు ఆయన ఆ ఆఫీసుకు వెళ్లకపోయినా, సంస్థ మేనేజరు వెళ్లి “సార్ మా దగ్గరే ఉన్నారు” అంటే చాలు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ, వ్యక్తిగత పలుకుబడితో ప్రభుత్వోద్యోగిని ప్రభావితం చేయడానికి ప్రయోజనం పుచ్చుకోవడాన్ని 7ఏ సెక్షన్‌లో నేరంగా చూస్తుంది. మా కక్షిదారు అంతదూరం వెళ్లలేదు. కానీ మాట ఎత్తకుండానే పనిచేసే పలుకుబడిని ఏ రాతకోతా ఆపలేదని ఆ టీ గ్లాసు ముందు కూర్చున్నప్పుడు అర్థమైంది.

కంచెను పూర్తిగా కూల్చింది మాత్రం దావా. సంస్థ వేసిన ధరల పెరుగుదల దావాకు ప్రభుత్వం తరఫున పేరావారీ రిమార్కులు తయారుచేసి ప్రభుత్వ న్యాయవాదికి పంపింది ఎవరని అడిగాను. ఆయన కొంచెంసేపు కిటికీ వైపు చూశారు. “నేనే,” అన్నారు. కాంట్రాక్టరు వాదనలో ఏది బలమైనది, శాఖ రికార్డులో ఎక్కడ కంత ఉంది, ఏ ఉత్తరానికి జవాబు ఇవ్వకుండా వదిలేశాం, ఎంతవరకైతే రాజీకి పైవారు ఒప్పుకోవచ్చు అన్నవన్నీ తెలిసిన మనిషి ఆయన ఒక్కరే. ఆ మనిషి ఇప్పుడు ఎదుటి పక్షం ఆఫీసులో, అదే దావా కాగితాలున్న గదిలో కూర్చుంటున్నారు. దాని గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదని ఆయన ప్రమాణం చేసినట్టు చెప్పారు. నేను నమ్మాను. కానీ న్యాయవాదిగా నా సంగతి చూసుకుంటే, ఒక పక్షం వకాలత్ తీసుకుని దాని రహస్యాలు విన్నాక అదే కేసులో అవతలి పక్షానికి వెళితే నా సన్నద్, అంటే వాదించే అర్హతా పత్రం, ఉంటుందా? నేను మాట్లాడలేదు, ఊరికే ఆ గదిలో కూర్చున్నానంటే బార్ కౌన్సిల్ ఒప్పుకుంటుందా? ఆ పోలిక చెప్పాక ఆయన ఇక వాదించలేదు.

అసలు ప్రశ్న

మెమోలోని మూడో ప్రశ్నను అంతవరకు ఇద్దరం దాటవేస్తూ వచ్చాం. మాట ఎప్పుడు మొదలైంది? మూడుసార్లు అడిగితే మూడుసార్లూ “విరమణ తర్వాతే” అన్నారు. నాలుగోసారి, నకళ్లు బల్ల మీద ఉండగా, నిజం చెప్పారు. తిరుచానూరులో ఒక కల్యాణ మండపంలో పెళ్లి విందు. పంక్తిలో పక్కన కూర్చున్న సంస్థ యజమాని, “రిటైరయ్యాక ఊరికే ఎందుకుంటారు సార్, మా దగ్గరికి వచ్చేయండి, మీకు తగ్గట్టు చూసుకుంటాం” అన్నారు. ఈయన నవ్వి, “చూద్దాంలే” అన్నారు. గడువు పొడిగింపు సిఫారసు మీద ఆయన సంతకం పెట్టింది దానికి పదకొండు రోజుల తర్వాత.

రెండేళ్ల నిబంధన ఈ పదకొండు రోజుల్ని చూడదు. అది విరమణ రోజు నుంచి లెక్కపెడుతుంది. ఎక్కువ ప్రమాదం ఉన్నది విరమణకు ముందు నెలల్లో. సంతకం ఇంకా చేతిలో ఉండి, జీతం ఇవ్వబోయేవాడు ఎదురుగా కనిపిస్తున్న నెలల్లో. ఆ కాలాన్ని చూసేవి వేరే చట్టాలు. అవినీతి నిరోధక చట్టంలో “అనుచిత ప్రయోజనం” అంటే డబ్బు ఒక్కటే కానక్కర్లేదు. పెన్షన్ నిబంధనల్లోని 9వ నిబంధన కింద, జరిగి నాలుగేళ్లు దాటని సంగతి మీద విరమణ తర్వాత కూడా శాఖాపరమైన విచారణ మొదలుపెట్టవచ్చు.

ఇక్కడ నా ముందు ఉన్న దారులు మూడు. విరమణ తర్వాతే అని రాయడం మొదటిది. అది నేను చేయలేను, చేయించలేను. జవాబు దాటవేయడం రెండోది. సూటిగా అడిగిన ప్రశ్నకు మౌనం ఒప్పుకోలు కన్నా చెడ్డగా వినిపిస్తుంది. ఉన్నది రాయడం మూడోది. దానివల్ల లేనిపోని విచారణ నెత్తిన పడవచ్చు. ఆయన భార్య కూడా ఒకరోజు వచ్చి, “అన్నా, ఎవరూ అడగని మాట మీరే ఎందుకు రాయిస్తారు?” అన్నారు. అడిగారమ్మా, మెమోలోనే అడిగారు అని చూపించాను.

నిర్ణయం రెండు విషయాల మీద ఆధారపడింది. ఒకటి, ఆ పంక్తిలో ఇంకెవరున్నారు? ఉన్నారు, ఆయన కింద పనిచేసిన ఒక డీఈఈ ఎదురుగానే కూర్చుని తిన్నారు. ఈ మాట ఏదో ఒకరోజు బయటికి రాక తప్పదు. రెండు, ఆ సిఫారసు తనంతట తాను నిలుస్తుందా? హిండ్రెన్స్ రిజిస్టరు తెప్పించి, పని ఆగిన ప్రతి రోజుకూ కారణం నమోదైందా అని నాలుగు రోజులు కూర్చుని సరిచూశాం. వానల రోజులున్నాయి, భూమి అప్పగించని రోజులున్నాయి. చాలావరకు సరిపోయింది. సరిపోని కొన్ని రోజుల్ని ఆయన “సైటులో అందరికీ తెలిసినవే” అన్నారు. నేను అక్కడ ఇంకా పట్టుబట్టి ఉండాల్సింది. పట్టుబట్టలేదు.

ఫలించినది

మొదట ఆయన ఆ సంస్థకు వెళ్లడం ఆపేశారు, ఆపినట్టు ఉత్తరం ఇచ్చారు. తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వాలా అన్న దాని మీద మాకు పెద్ద చర్చే జరిగింది. ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టేనని ఆయన, ఇవ్వకపోతే అనుమతి లేని ఉద్యోగపు ఫలాన్ని ఉంచుకుని క్షమించమన్నట్టు ఉంటుందని నేను. చివరికి చేతికందిన మొత్తాన్ని బ్యాంకు ద్వారానే వెనక్కి పంపారు. నగదు వద్దన్నాను, వచ్చిన దారి ఎలా రికార్డులో ఉందో పోయిన దారీ అలాగే ఉండాలి.

మెమోకు జవాబు ఏడు పేజీలు వచ్చింది. అనుమతి తీసుకోలేదని, అది పొరపాటని మొదటి వాక్యంలోనే రాశాం. ఆ సంస్థకు సంబంధించి ఆయన సంతకం ఉన్న కాగితాలన్నిటి జాబితా అనుబంధంగా ఇచ్చాం. పెళ్లి విందులో జరిగిన సంభాషణను తేదీతో సహా రాసి, ఆ రోజే ఎస్ఈ గారికి చెప్పి ఫైలు వేరే అధికారికి అప్పగించమని కోరి ఉండాల్సిందని ఒప్పుకుని, గడువు పొడిగింపు సిఫారసును మరో అధికారితో మళ్లీ చూపించమని మేమే కోరాం. దావాలో ఆ సంస్థకు ఏ రూపంలోనూ సాయపడనని విడిగా హామీపత్రం పెట్టాం. ఈ చివరి రెండూ మెమో అడగలేదు. ప్రభుత్వం భయపడేదేమిటో ముందే గ్రహించి దానికి జవాబివ్వడం, అడిగినంతవరకే జవాబిచ్చి ఊరుకోవడం కన్నా మేలని అప్పటికి నాకు తెలిసివచ్చింది.

కొన్ని నెలలకు ఉత్తర్వు వచ్చింది. అనుమతి నిరాకరించారు. పెన్షన్‌లో కోత వేయలేదు, హెచ్చరికతో సరిపెట్టారు. సొమ్ము తిరిగి ఇచ్చిన సంగతినీ, స్వయంగా పునఃపరిశీలన కోరిన సంగతినీ ఉత్తర్వులో ప్రస్తావించారు.

పునఃపరిశీలనలో మాత్రం పొడిగింపు 19 రోజులు తగ్గింది. రిజిస్టరులో కారణం నమోదు కాని రోజులవి. ఆ కాగితం చదివి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “ఎవరికైనా ఆ రోజులు ఇచ్చేవాణ్నే లాయరు గారూ. నిజంగా ఇచ్చేవాణ్నే కదా?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన దగ్గర కూడా లేదు కాబట్టే ఆ మాట ప్రశ్నగా వచ్చింది. ఆ పంక్తిలో కూర్చోకపోయి ఉంటే ఆయన ఈ ప్రశ్న వేసుకోవాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

ఇప్పుడు విరమణకు ఏడాది ముందే వచ్చి అడిగేవారికి నేను మొదట చెప్పేది, ఎవరైనా ఉద్యోగం మాట ఎత్తిన రోజున పైఅధికారికి రెండు వాక్యాల ఉత్తరం రాసి, ఆ పార్టీ ఫైళ్లు వదిలేయమని. “చూద్దాంలే” అనడం కూడా జవాబే అని చెబుతాను. కొందరు నవ్వుతారు. పెళ్లిలో అన్న మాటకు ఉత్తరమేమిటి అంటారు. అప్పుడు పేర్లు చెప్పకుండా ఆ 19 రోజుల కథ చెబుతాను.

చేరబోయేది వాణిజ్య సంస్థేనా అన్న సందేహం ఉన్నచోట కూడా అర్జీ పెట్టిస్తున్నాను. ఈ కక్షిదారే తర్వాత ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో వారానికి రెండు రోజులు పాఠాలు చెప్పడానికి పిలుపు అందుకున్నారు. కళాశాలను వ్యాపారం అనవచ్చా అని వాదించే వీలుంది, వాదించకుండా అడిగాం. అనుమతి వచ్చింది. పిల్లలకు ఎం-బుక్ ఎలా రాయాలో చెబుతున్నారు.

ఎదురు దిక్కు నుంచి, అంటే ప్రైవేటు నుంచి ప్రభుత్వంలోకి, వచ్చే రాకపోకలకు మాత్రం నా దగ్గర ఇంత స్పష్టమైన పనిముట్టు లేదు. 2018లో కేంద్రం పది జాయింట్ సెక్రటరీ పోస్టులకు బయటివారి నుంచి దరఖాస్తులు పిలిచినప్పుడూ, 2024 ఆగస్టులో 45 పోస్టుల ప్రకటన ఇచ్చి వెనక్కి తీసుకున్నప్పుడూ పెద్ద చర్చ నడిచింది. ఎక్కువగా రిజర్వేషన్ల మీద. జిల్లా స్థాయిలో ఆ రాకపోక ప్రకటన లేకుండానే నడుస్తోంది. ఈ కేసులోని ఆఫీసులోనే, అంచనాలు తయారుచేసే కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడు కన్సల్టెన్సీ తరఫున కాంట్రాక్టు మీద వచ్చినవాడు. అంతకుముందు ఏడాది ఒక కాంట్రాక్టరు దగ్గర బిల్లింగ్ ఇంజనీరు, వచ్చే ఏడాది ఎక్కడుంటాడో అతనికే తెలియదు. టెండరు పిలవకముందే అంచనా విలువ చూసే ఆ కుర్రవాడు పెన్షనరు కాడు కాబట్టి 10వ నిబంధన అతని జోలికి పోదు. అతని ఒప్పంద పత్రంలో రెండు పేరాలు చేర్చమని శాఖకు ఒక నోటు ఇచ్చాను: పాత యజమాని పనుల్లో వేలు పెట్టకూడదనీ, మానేశాక కొంతకాలం ఆ టెండర్లలో పాల్గొనే సంస్థకు పనిచేయకూడదనీ. మొదటిది పెట్టారు. రెండోది పెడితే ఈ జీతానికి ఎవరూ రారన్నారు. అది అబద్ధమని నేనూ అనలేను.

మొన్న కక్షిదారు ఫోన్ చేశారు. విరమణ చేసి రెండేళ్లు నిండాయి. పాత సంస్థ యజమాని మళ్లీ పిలిచారట. “ఇప్పుడు చేరొచ్చా లాయరు గారూ?” అని అడిగారు. నిబంధన ఇప్పుడు అడ్డురాదు, ముందు మీ సంతకాలున్న ఫైళ్లలో ఇంకా ముగియనివేవో రాసి పంపండి అన్నాను. నాలుగు రోజులకు వాట్సాప్‌లో ఆయన చేతిరాత ఫొటో వచ్చింది. ఆరు ఫైళ్లున్నాయి. తుది బిల్లు ఉంది, డిపాజిట్ వాపసు ఉంది, గడువు పొడిగింపు కూడా ఉంది. ఇంకా కోర్టులో నడుస్తున్న దావా మాత్రం లేదు. ఫోన్ చేసి అడిగితే, “అది మీకు తెలిసిందే కదండీ” అన్నారు. తెలిసినా రాసి పంపమన్నాను. ఇంకా రాలేదు.